రెండు రకాల అంట్లు

భిలాయి సెక్టర్ 4లో మేమున్న ప్లాంటు క్వార్టర్‌కి పెరటి గోడ అవతల ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను దీదీ అని పిలిచేదాన్ని. ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ గోడకి ఆనుకుని మా మామిడిచెట్టుకేసి చూస్తూ, ఈ పండు టెంక పాతుకుంటే తన పెరట్లో కూడా ఇదే పండు కాస్తుందా అని అడిగింది.

కాయదన్నాను. టెంక నుంచి వచ్చిన చెట్టు ఏ కాయ కాస్తుందో చెప్పలేం, తల్లిచెట్టు కాయే కావాలంటే అంటు కట్టాలన్నాను. ఎలా కడతారంది. ఇక నేను ఆగలేదు. వానలు పడగానే పచ్చి టెంకలు నాటాలని, మొక్క పెన్సిలంత లావయ్యేదాకా పెంచాలని, తల్లిచెట్టు కొమ్మ చివర ఆకులు ముందే తుంచేసి మొగ్గ ఉబ్బేదాకా ఆగాలని, ఆ పుల్ల మొదలు మేకులా చెక్కాలని, మొక్క తల నరికి నిలువునా చీల్చి అందులో ఆ పుల్ల దింపి ప్లాస్టిక్ పట్టీతో బిగించాలని చేతులు తిప్పుతూ హిందీలో చెప్పుకుంటూ పోయాను. దీదీ శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక, "ఆప్ నే కిత్నే బనాయే?" అంది. మీరెన్ని కట్టారు అని.

అందులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను ఒక్కటి కూడా కట్టలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికొచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ విద్యంతా నాకు ఫోన్లోంచి వచ్చింది. అంతకు ముందు చాలా ఏళ్ళు మధ్యాహ్నాలు టీవీకి ఇచ్చాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవారు. ఆయన షిఫ్టుని బట్టి మా ఇంట్లో అన్నం ఉడికేది, షిఫ్టుని బట్టి దీపం ఆరేది. నేను పుట్టింది భిలాయి పక్కనే చరోదా రైల్వే కాలనీలో. నాన్న యార్డులో పనిచేసేవాడు కాబట్టి అక్కడా అంతే. పుట్టింట్లో రైలు కూత, మెట్టినింట్లో ప్లాంటు సైరన్. మధ్యలో దొరికిన ఖాళీలో ఎవరో చూపించింది చూడడం. కూతురు పెళ్ళి చేసుకుని పూనా వెళ్ళిపోయాక నాకో ఫోన్ కొనిచ్చింది. సీరియళ్ళ కంటే అది మేలనిపించింది. ఒకసారి మామిడి అంటు కట్టే వీడియో కనబడింది. అది చూశానని ఫోను అలాంటివే ఇంకా ఇంకా చూపించింది. కొన్ని వేసవులు గడిచాయి. ఎవరివో చేతులు, ఎవరివో కత్తులు. చూసిన ప్రతిసారీ నేనే ఏదో చేసినట్టు ఒళ్ళు అలిసేది, ఒక రకమైన తృప్తి కూడా కలిగేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తృప్తి మీద అసహ్యం వేస్తుంది. ఆకలి తీరకుండానే ఆకలి చచ్చిపోయేలా చేసే తిండి అది.

మా పెరట్లో ఉన్నది సువర్ణరేఖ. భిలాయిలో ఎక్కడ చూసినా లంగడా, దసేరీ. సువర్ణరేఖ మా అత్త విజయనగరం వైపు నుంచి తెచ్చిన మొక్క. రైల్లో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. క్వార్టర్ మనది కాదు, ఖాళీ చేసి పోతే ఎవరికో పోతుందని మామ అంటే, పోతే పోనీ, మనం ఉన్నన్నాళ్ళూ తిందాం అందట. అత్త పోయింది. ఎర్ర బుగ్గలతో కాయలు ఏటేటా దిగుతూనే ఉన్నాయి. మా ఆయన రిటైర్‌మెంట్ దగ్గరపడుతోంది. రుఆబాంధాలో ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కున్నాం. అక్కడికి ఆ చెట్టు రాదు.

దీదీ అడిగిన ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వేసవిలోనే టెంకలు పోగుచేయడం మొదలుపెట్టాను. మేం తిన్నవి చాలవు. మార్కెట్లో మామిడి రసం బండి దగ్గరికి సంచీ పట్టుకెళ్ళి అడిగితే, అతను నా మొహంకేసి ఒకసారి చూసి, బకెట్టు వంచాడు. మొక్కలు పెంచడానికి సంచులు కావాలి. పాల ప్యాకెట్లు కడిగి, అడుగున చిల్లులు పొడిచి, తీగ మీద ఆరేసేదాన్ని. ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి కూడా అడిగి తెచ్చుకున్నాను. పెరట్లో వరుసగా ప్యాకెట్లు పేర్చి, మట్టీ పేడా కలిపి నింపి, టెంకల పెంకు ఒలిచి లోపలి గింజ నాటాను.

మా ఆయన ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి పెరట్లో నిలబడ్డారు.

"ఏటే ఇది, ఈ సెత్తంతా? కబాడీ దుకాణం పెట్టినావేటి?"

"మామిడి మొక్కలండీ. అంట్లు కడదామని."

"రసం బండోడి కాడికి ఎల్లి టెంకలడిగినావట. నా డిపార్ట్‌మెంటోడొకడు సూసినాడు. భాభీజీకి ఏటి కష్టమొచ్చిందని నన్నడిగినాడు."

"కష్టమేం లేదని చెప్పకపోయారా?"

ఆయన బూట్లు విప్పుకుని టీవీ పెట్టుకున్నారు. తరవాత ఇంటికెవరొచ్చినా అదొక హాస్యం అయింది. "మాయావిడ అంట్లు తోమడం మానీసి అంట్లు కడతంది" అనేవారు. వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళయితే నవ్వేవాళ్ళు. కాకపోతే ఆయన హిందీలో విడమరిచి చెప్పి మరీ నవ్వించేవారు. నేను టీ ఇచ్చి లోపలికొచ్చి, ఆ కప్పులే తోమేదాన్ని. తోమడం నేనెప్పుడూ మానలేదు.

మరుసటి వానల్లో మొదటిసారి కత్తి పట్టాను. ఫోన్లో చూసినప్పుడు ఆ చేతులు వెన్నలో కత్తి దింపినట్టు దింపేవి. నా చేతిలో పుల్ల జారింది, చెక్కు వంకర పోయింది, బొటనవేలు తెగింది. మామిడి సొన గాయంలోకి దిగి మంటపెట్టింది. కట్టినవన్నీ కొన్నాళ్ళు పచ్చగా ఉండి నన్ను నమ్మించాయి. ఆ తరవాత ఒక్కొక్కటే మొదలు దగ్గర్నుంచి నల్లబడ్డాయి. ఆఖరిది నల్లబడిన రోజు నేను వంటగదిలో గట్టు మీద తల ఆనించుకుని ఏడ్చాను. అన్నేళ్ళు చూసిన దానిలో నాకు చేతికొచ్చింది ఏమీ లేదని ఆ రోజు అర్థమైంది.

అప్పుడే ఫోన్ చూడడం కూడా తగ్గించాను. ఒట్టు పెట్టుకుని మానలేదు. చూస్తుంటే చేతులు ఊరికే ఉండనిచ్చేవి కావు. మధ్యాహ్నం కంచాలు కడిగేసి పెరట్లోకి పోయి, జామ కొమ్మలూ మందార కొమ్మలూ తెచ్చుకుని కూర్చుని చెక్కేదాన్ని. రెండు పక్కలా ఒకే వాలు రావాలి, ఒకే కోతలో రావాలి. రెండోసారి కత్తి పెడితే మెట్టు పడుతుంది, ఆ మెట్టులో గాలి చేరి కుళ్ళుతుంది. ఇది ఏ వీడియోలోనూ నేను గమనించలేదు. చలికాలమంతా అలా కొమ్మలు పాడుచేశాను. కూతురు వీడియో కాల్ చేసినప్పుడు నా వేళ్ళకి గుడ్డ పేలికలు చూసి, "మమ్మీ, క్యా జరూరత్ హై? ఆరామ్ సే టీవీ దేఖో నా. జిందగీ భర్ కామ్ కియా" అంది. జీవితమంతా పనిచేశావు కదా, ఇక సుఖంగా టీవీ చూసుకో అని. దానికి తెలుగు అర్థమవుతుంది, పలకదు. నేను తెలుగులోనే, "అది వేరే వాళ్ళ పని చేశాను" అన్నాను. అది నవ్వి, అల్లుడికి నన్ను చూపించింది.

ఆ తరవాత వానల్లో కట్టినవి బతికాయి. అన్నీ కాదు, సగానికి పైగా. అంటు మీద తొడిగిన ప్లాస్టిక్ గొట్టం లోపల తేమ చుక్కలు పట్టి, మొగ్గ విడి, రాగి రంగు ఆకులు బయటికి తొంగిచూసినప్పుడు నేను దీదీని పిలిచి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసి, "అబ్ పూఛూఁ, కిత్నే బనాయే?" అని నవ్వింది. ఇప్పుడడగనా, ఎన్ని కట్టారో అని. ఈసారి చెప్పడానికి నా దగ్గర జవాబుంది. మొదటి మొక్క ఆవిడకే ఇస్తానన్నాను. ఇప్పుడే వద్దు, కాస్త గట్టిపడనీ అన్నాను.

నా మనసులో ఒక ఏర్పాటు ఉంది. రుఆబాంధా ఇంటికి పైన డాబా ఉంది. ఎండ బాగా పడుతుంది. ఈ అంట్లలో కొన్నిటిని తల్లిమొక్కలుగా పెద్ద డ్రమ్ముల్లో పెంచి, వాటి కొమ్మల్తోనే ఏటేటా కొత్తవి కట్టాలి. ఆ దారిలోనే ఒక నర్సరీ ఉంది, అతనితో మాట్లాడాను. సువర్ణరేఖ ఇక్కడ ఎవరి దగ్గరా లేదు, తీసుకురండి చూద్దాం అన్నాడు. డాబా సంగతి మా ఆయనకి చెప్తే, "సూద్దాంలే" అన్నారు. ఆయన సూద్దాంలే అంటే వినలేదని అర్థం.

రిటైర్‌మెంట్ నెలలోనే చరోదాలో మా అప్ప బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అక్కని మేం అప్ప అనే అంటాం. దానికి పిల్లల్లేరు, బావ బలహీనుడు. నేను వెళ్ళక తప్పలేదు. రిటైర్‌మెంట్ పార్టీకి ఒక పూట వచ్చి, పూలదండ వేసుకున్న ఆయన పక్కన ఫోటోకి నిలబడి, మళ్ళీ చరోదా వెళ్ళిపోయాను. వెళ్ళే ముందు ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, ఏ మొక్కకి ఎంత నీళ్ళు పొయ్యాలో చూపించాను. "అలాగేలే" అన్నారు. నిజమే, నీళ్ళు పోశారు. ఆ మాట చెప్పుకోవాలి.

అప్ప లేచి గోడ పట్టుకుని నడిచేదాకా ఉండి ఇంటికొచ్చాను. సంచీ వరండాలో పడేసి తిన్నగా పెరట్లోకి వెళ్ళాను. ప్యాకెట్లు ఉన్న చోట నేల మీద వరుసగా తడి మచ్చలు ఉన్నాయి. మొక్కలు లేవు. నా అంట్లలో ఒక్కటీ లేదు. ఒక మూల కిందటి వానల్లో మొలిచిన టెంక మొక్కలు, ఇంకా అంటు కట్టనివి, కొన్ని మిగిలాయి.

ఆయన టీవీ ముందున్నారు.

"మొక్కలేవండీ?"

"ఇచ్చీసినాను."

"ఎవరికి?"

"డిపార్ట్‌మెంటోళ్ళు కలవడానికొచ్చినారు కదా. ఒట్టి సేతుల్తో పంపడమేటని తలో మొక్కా ఇచ్చినాను. ఎంత సంబరపడిపోనారో. మాయావిడ సొంతంగా కట్టిందని సెప్పినాను కూడా."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడగడానికేటుంది? మొక్కలే కదా. ఎలాగూ ఇల్లు మారిపోతన్నాం. నర్సరీలో ఏ రకం కావాలో సెప్పు, కొనీస్తాను."

"కొనడానికి దొరికేవి కావవి."

"నువ్వు సేసినవే కదా. మళ్ళీ సేసుకో." ఆయన గొంతులో కోపం లేదు. టీవీలో మాట వినబడక సౌండ్ పెంచారు.

నేను అరిచి ఉంటే బాగుండేదేమో. అరవడానికి చోటు లేదు. ఆయన దొంగతనం చేయలేదు, పారేయలేదు, దానం చేశారు. దానం చేసినవాడి మీద అరిచిన ఆడది పిసినారి అవుతుంది. అప్పకి ఫోన్ చేసి చెప్తే, "పోన్లేవే, పదిమంది ఇళ్ళల్లో పెరుగుతాయి" అంది. కూతురు, "పాపా నే అచ్ఛా హీ కియా, షిఫ్టింగ్ మే కైసే లే జాతే" అంది. నాన్న మంచి పనే చేశారు, సామానుతో పాటు అవెలా మోస్తారు అని. అందరికీ ఆయన ఉదారంగా కనబడ్డారు. ఆయన ఇంట్లోంచి తన వస్తువు ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదన్న సంగతి ఎవరికీ తోచలేదు. దీదీకిస్తానన్న మొక్క కూడా పోయింది. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. నేనే గోడ దగ్గరికి వెళ్ళడం తగ్గించాను.

క్వార్టర్ ఖాళీ చేసింది ఎండలు మండే రోజుల్లో. అప్పుడు అంటు కట్టినా బతకదు. వానలు పడ్డాక వచ్చి కొమ్మలు కోసుకుంటానని, కొత్తగా దిగబోయే కుటుంబాన్ని ఒప్పించుకున్నాను. వాళ్ళు సరేనన్నారు. మిగిలిన టెంక మొక్కల్ని రుఆబాంధా డాబా మీదికి చేర్చాను. ఆషాఢంలో కత్తీ తడిగుడ్డా పట్టుకుని సెక్టర్ 4కి వెళితే చెట్టుకి కొమ్మల్లేవు. మోడు నిలబడి ఉంది. కారు పెట్టుకోవడానికి రేకుల షెడ్డు వేశారట, దాని మీద ఆకులూ కాయలూ రాలుతున్నాయని కొట్టించేశారట. "ఫిర్ నికల్ ఆయేగా, ఆంటీ" అంది ఆ ఇంటి అమ్మాయి. మళ్ళీ చిగురిస్తుందిలెండి అని. ఆ ఏడాది చిగురించలేదు. మరుసటి ఏడు దాని మొదలు కుళ్ళిందని విన్నాను. వెళ్ళి చూడలేదు.

ఇక మిగిలింది ఆయన పంచిపెట్టిన మొక్కలు. ఎవరెవరికిచ్చారో అడిగితే విసుక్కుంటూ చెప్పారు. వానల్లో తడుస్తూ తిరిగాను. ఒక ఇంట్లో మొక్క పాల ప్యాకెట్‌తో సహా ఏసీ వేడిగాలి కొట్టే చోట ఎండిపోయి ఉంది. పాతడానికి చోటు చూద్దామనుకున్నామని చెప్పారు. ఒక ఇంట్లో అంటు చచ్చి, కింద నుంచి టెంక మొక్క కొమ్మ ఏపుగా లేచింది. "ఎంత బాగా పెరిగిందో చూడండి" అని సంతోషంగా చూపించారు. అది సువర్ణరేఖ కాదు, నేను రసం బండి నుంచి తెచ్చిన ఏదో టెంక. ఆ సంగతి చెప్పలేదు. మరికొన్ని ఇళ్ళలో ఏ మొక్క అని అడిగారు.

ఒక్క ఇంట్లో మాత్రం నిజంగా బతికింది. మా ఆయన పైఅధికారి ఇల్లు. పెద్ద కుండీలో పెట్టి, ముందు వరండాలో ఉంచారు. మోకాలు దాటి ఎదిగి, ఆకులు మిలమిలా మెరుస్తున్నాయి. నేను ఆ ఇంటావిడతో రెండు పుల్లలు కోసుకుంటానని, మొక్కకేమీ కాదని, ఇంకా గుబురుగా వస్తుందని చెప్పాను. ఆవిడ నాకు కూల్‌డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టింది. "వద్దండీ. ఇది వచ్చాకే మావారికి ప్రమోషన్ వచ్చింది. దీని మీద కత్తి పెట్టనివ్వను" అంది.

"ఇది నేను కట్టిన మొక్క" అన్నాను.

"అవును, భాయీసాబ్ చెప్పారు. మీకు ఎంత మంచి హాబీయో" అంది.

కత్తి సంచీలోనే ఉంచుకుని ఆటోలో ఇంటికొచ్చాను. దారంతా ఏమీ కనబడలేదు. ఆ రోజు మధ్యాహ్నం చాలా ఏళ్ళ తరవాత టీవీ ముందు ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనకి సంతోషమైంది. జరిగి చోటిచ్చారు. "ఇలాగ కూకో. ఏటికొచ్చిన తిరుగుళ్ళు" అన్నారు. టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. చాలాసేపు చూశాను. ఆయన నిద్రపోయారు. ఆయన మొహం కేసి చూశాను. బతుకంతా ఓవెన్ల వేడిలో, ఎవరో చెప్పిన పని ఎవరో చెప్పిన వేళకి చేసిన మనిషి. ఆయనకి తన పనంటూ ఒకటి ఉండే అవకాశం రాలేదు. పక్కమనిషికి ఉంటుందన్న ఊహ కూడా రాలేదు. ఆ మాట తెలిసినంత మాత్రాన నా కోపం తగ్గలేదు. జాలీ కోపమూ ఒకదాన్నొకటి చల్లార్చవు, పక్కపక్కనే ఉంటాయి.

వానలు ఇంకా ఉన్నాయి. డాబా మీద టెంక మొక్కలు పెన్సిలంత లావయ్యాయి. వాటిని ఊరికే వదలడానికి మనసొప్పలేదు. సెక్టర్ 4 వెళ్ళి దీదీ తలుపు తట్టాను. అప్పటిదాకా మొహం చాటేసినందుకు ఆవిడేమీ అనలేదు. వాళ్ళ పెరట్లో ఒక లంగడా చెట్టు ఉంది, మామూలుది. దాని కొమ్మలు అడిగాను.

"లంగడా తో సబ్ కే పాస్ హై" అంది దీదీ. లంగడా అందరి దగ్గరా ఉందే అని.

"ఉండనీ. నాక్కావలసింది పుల్లలు" అన్నాను.

ఆవిడే నిచ్చెన పట్టుకుంది. నేనెక్కి కోసుకున్నాను. కట్టినవాటిలో ఎక్కువ బతికాయి. ఈసారి ఒకటి ఆవిడకి ఇచ్చాను, ఆవిడ చెట్టు కొమ్మే ఆవిడకి. మిగతావి నర్సరీ అతను తీసుకున్నాడు. సువర్ణరేఖ అన్నారు కదా అన్నాడు. లేదు, అది పోయింది అన్నాను. అతను వచ్చే ఏడు జామ అంట్లు కూడా కట్టి ఇమ్మన్నాడు.

ఇప్పుడు డాబాలో సగం నాది. మిగతా సగంలో కింది వాటా వాళ్ళు బట్టలు ఆరేసుకుంటారు. పైకెళ్ళే తలుపుకి తాళం వేయిస్తానంటే మిగతా వాటాల వాళ్ళెవరూ ఒప్పుకోలేదు. నాకు విజయం లాంటిదేమీ అనిపించదు. అత్త ఒళ్ళో ప్రయాణం చేసిన మొక్క వంశం ఒక అధికారి వరండాలో అదృష్టం కోసం కుండీలో నిలబడి ఉంది. ఆ వరండా నీడలో అది కాయదు. నేను లంగడా కడుతున్నాను, ఊరంతా ఉన్న లంగడా. చేతికి పని వచ్చేసరికి చెట్టు లేకపోయింది.

మొన్న మా ఆయన పాత స్నేహితుడొకరు భార్యతో వచ్చారు. టీలయ్యాక ఆయన నన్ను పిలిచి, "పైనుంచి ఒక మంచి మొక్క పట్రా. ఈళ్ళకి ఇద్దాం" అన్నారు.

"ఇవ్వనండీ" అన్నాను.

ఆ వచ్చినావిడ చీర కొంగు సర్దుకుంది. మా ఆయన నవ్వడానికి ప్రయత్నించి, "ఒక మొక్కకేటే" అన్నారు.

"నర్సరీలో ఉన్నాయి. ఏ రకం కావాలో చెప్తే చిరునామా ఇస్తాను" అన్నాను. కప్పులు తీసుకుని వంటగదిలోకి వచ్చాను.

వాళ్ళు వెళ్ళాక నేను పరువు తీశానని ఆయన కూతురికి ఫోన్లో చెప్తుంటే వినబడింది. కూతురు నాతో ఏదో అనబోతే, తరవాత మాట్లాడతానని పెట్టేశాను. ఎండ తగ్గింది, పైన నీళ్ళు పోయాల్సిన వేళయింది. బకెట్టు పట్టుకుని మెట్లెక్కాను.